సమస్య: పువ్వు తగులగానె పొగిలి యేడ్చె

నిర్వాహకుడు: పొద్దున కాఫీ తాగుతుంటే తట్టిన పాదం. ఈ వారం పారశీక సూఫీలు, కవుల మీదే రాయాలి. రఘువంశంలోలా ఇందుమతి మీద దండ పడేసి అజమహారాజును ఏడిపిస్తే ఒప్పుకోను, ముందే చెబుతున్నా.

పాతబస్తీ:
రాళ్ళు దూది వోలె రాలె హల్లాజుపై
నవ్వుచుండె నతడు నగరి నడుమ
చెలిమికాడు షిబ్లి చేతి గులాబియౌ
పువ్వు తగులగానె పొగిలి యేడ్చె

ఏలూరు మాస్టారు: హల్లాజ్ అంటేనే దూదేకేవాడు. రాళ్ళనే దూది చేసేశారు! 922లో బాగ్దాదులో ఆయన్ని చంపేరోజు రాళ్ళు రువ్వినవాళ్ళు ఏమీ తెలియనివాళ్ళు, తోటి సూఫీ షిబ్లీ అన్నీ తెలిసినవాడు. అందుకే చిన్న దెబ్బయినా నొప్పెట్టింది. అదంతా ‘చెలిమికాడు’లో ఇమిడిపోయింది. పోయిన వారం గణం కోసం రూమీని ‘రుమి’ చేసిన చెయ్యేనా ఇది?

పాతబస్తీ: మాస్టారు మెచ్చుకుంటే చివర్లో ఇలా ఓ చురక ఉంటుందని తెలుసు. మరి మీ పూరణ ఏదండీ?

ఏలూరు మాస్టారు:
బల్ఖులోన మాటఁ బలికె ఖయ్యాముడు
పూలు రాలు చోటె పుడమి పాన్పు
గోరి వెదకి చేర గోడపై కొమ్మల
పువ్వు తగులగానె పొగిలి యేడ్చె

పాతబస్తీ: కర్త ఏడండీ? ఖయ్యాముడే తన గోరీ వెతుక్కుంటూ వెళ్ళి ఏడ్చినట్టుంది.

ఏలూరు మాస్టారు: పారశీక రచయిత నిజామీ అరూజీ! బల్ఖులో ఆ మాట విన్నది ఆయనే. ఏళ్ళ తర్వాత నిషాపూరు వెళ్ళి చూస్తే, తోట గోడ మీదుగా వాలిన పియర్, పీచ్ చెట్ల పూలు రాలి గోరీయే కనబడలేదు. ఏడ్చేశాడు. అంత పొడుగు పేరు ఆటవెలదిలో ఎక్కడ పెట్టను?

డల్లాస్ అక్కయ్య: పేరెందుకు? మూడో పాదం ఇలా మార్చండి: ‘విన్నవాడు వచ్చి వెదకఁ గోడలమీది’.

ఏలూరు మాస్టారు: గోడ మిగిలింది, గోరీ పోయింది!

డల్లాస్ అక్కయ్య: పుడమి పాన్పు మరేంటండీ? అది సరే గానీ, అసలు తంటా పాతబస్తీ గారి గులాబీతో. పారశీక సూఫీ కవి అత్తార్ చెప్పిన కథలో షిబ్లీ విసిరింది ‘గిల్’, అంటే మట్టి, అని చదివేవాళ్ళున్నారు. పువ్వయితే ‘గుల్’. పారశీక లిపిలో మామూలుగా రెండూ ఒకేలా రాస్తారు.

ఏలూరు మాస్టారు: ఓహో! కొమ్ము తీసి గుడి పెడితే పువ్వు కాస్తా మట్టిబెడ్డ! రూమీ దీర్ఘం మింగినవారికి ఇదో లెక్కా?

పాతబస్తీ: ‘మట్టి తగులగానె పొగిలి’ అంటే యతి ఏదీ? కుదిర్చి చూపండి.

ఏలూరు మాస్టారు: ‘బెడ్డ తగులగానె బెగడి యేడ్చె’. చాలా?

నిర్వాహకుడు: నేనిచ్చింది పువ్వు. పాదం మారిస్తే పూరణ తీసేస్తా.

డల్లాస్ అక్కయ్య: తీసెయ్యండి. రాళ్ళకు నవ్వినవాడు బెడ్డకు బెగడుతాడా మాస్టారూ?