పెళ్లి ఫోటోల డిస్క్ బ్యాకప్ తీస్తుంటే ఫైళ్ల స్కానింగ్ మధ్యలోనే సాఫ్ట్‌వేర్ మూసుకుపోతోంది

నరసరావుపేట స్టూడియో:
అందరికీ నమస్కారం. మాది ఫోటో స్టూడియో. పదకొండేళ్ల పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, అన్నప్రాశనలు అన్నీ ఒకే 4 టీబీ డిస్క్‌లో ఉన్నాయి. రెండో కాపీ లేదు. కిందటి నెల ఒకావిడ వచ్చి, "మా నాన్నగారు పోయారు బాబూ, నా పెళ్లిలో ఆయన అల్లుడి కాళ్లు కడిగే ఫోటో పెద్దది చేసివ్వు" అన్నారు. వెతికి తీసిచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ డిస్క్ పోయుంటే ఆవిడకి ఏం చెప్పేవాణ్ణి? మర్నాడే కొత్త డిస్క్ కొన్నాను.

బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో పాత డిస్క్ మొత్తం సెలెక్ట్ చేసి స్టార్ట్ నొక్కితే, స్కాన్ అయిన ఫైళ్ల అంకె పెరుగుతూ పోతుంది. 2,17,000 దాటాక విండో తెల్లబడి, ఏ ఎర్రరూ చూపించకుండా మూసుకుపోతుంది. ఒక్క ఫైలూ కాపీ కాలేదు. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, వేరే పోర్టులో పెట్టి చూశాను. నాలుగుసార్లూ అంతే. విండోస్ 10, ర్యామ్ 16 జీబీ. చాలా టెన్షన్‌గా ఉంది, దారి చెప్పండి.

కరీంనగర్ రిపేర్ బెంచ్:
అన్నా, ముందు ఆ స్కాన్ ఆపండి. డిస్క్ ఎలా ఉందో తెలియకుండా దాన్ని మళ్లీ మళ్లీ చదివించొద్దు. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాంలో "కరెంట్ పెండింగ్ సెక్టర్ కౌంట్" (సరిగా చదవలేకపోతున్న చోట్ల లెక్క) అనే లైన్‌లో "రా వాల్యూస్" కింద ఉన్న అంకె చూడండి. అన్నీ సున్నాలే ఉంటే చాలావరకు ఊపిరి పీల్చుకోవచ్చు. సున్నా కాకపోతే మాత్రం విండోస్‌లో డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ నడపొద్దు. కొనఊపిరితో ఉన్న డిస్క్ మీద అది నడిపి, మిగిలింది కూడా పోగొట్టుకున్నాక నా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు. అలాంటప్పుడు లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో డిస్క్ మొత్తానికీ ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) తీసి, మిగతా పనంతా ఆ ఇమేజ్ కాపీ మీద చేయాలి.

ఇంకొకటి. ఆగేది ప్రతిసారీ ఒకే చోటా? ఒకే చోటైతే ఏదో ఒక ఫైలో ఫోల్డరో దానికి కొరుకుడు పడట్లేదు. ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంటే కేబుల్, ర్యామ్ చూడాలి. విండోస్ తన ఎర్రర్లు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో 1000 నంబరుతో అప్లికేషన్ ఎర్రర్ ఉంటుంది, అందులోని ఎక్సెప్షన్ కోడ్ చెప్పండి.

నరసరావుపేట స్టూడియో:
అన్నీ సున్నాలే అన్నా. ప్రాణం లేచొచ్చింది. ఆగేది ప్రతిసారీ 2,17,400 దగ్గరే. కోడ్ చివర 0409 అని ఉంది.

విజయవాడ డీటీపీ:
ప్రోగ్రాం తను కేటాయించుకున్న చోటు దాటి రాసేసినప్పుడు తరచుగా వచ్చే కోడ్ అది. తమ్ముడూ, ఫోల్డర్లకి తెలుగులో పేర్లు పెడతావా? ఒక ఫోల్డర్‌లో ఇంకోటి, దాన్లో ఇంకోటి ఉంటాయా?

నరసరావుపేట స్టూడియో:
అవునక్కా, అన్నీ తెలుగే. "మాఘమాసం పెళ్లిళ్లు", దాన్లో "కోటప్పకొండ రోడ్డు కల్యాణమండపం లక్ష్మి గారి అమ్మాయి పెళ్లి", దాన్లో "పెళ్లికూతురి తరఫువాళ్లు చెప్పిన ఆల్బమ్ కరెక్షన్లు", ఇంకా లోపల మూడు నాలుగు.

విజయవాడ డీటీపీ:
అయితే చాలావరకు అదే. విండోస్‌లో చాలా పాత ప్రోగ్రాములు డ్రైవ్ పేరు నుంచి ఫైలు పేరు చివరిదాకా మొత్తం దారికి 260 క్యారెక్టర్ల చోటే ఉంచుకుంటాయి. తెలుగులో అది తొందరగా నిండిపోతుంది. "లక్ష్మి" మన కంటికి రెండక్షరాలు. కంప్యూటర్‌కి ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. మొత్తం ఏడు. ప్రతి గుణింతమూ, ప్రతి ఒత్తూ లెక్కలోకి వస్తాయి.

విండోస్ ముందే ఎందుకు ఆపలేదంటావేమో. అదే డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌ను ఇంకో ఫోల్డర్‌లోకి లాగితే, లోపలున్న ఫైళ్ల దారి ఎంత పొడుగైందో అది కొలవదు. విండోస్ 10లో ఈ హద్దు ఎత్తేసే సెట్టింగ్ ఉంది కానీ, ప్రోగ్రాం కూడా దానికి తగ్గట్టు రాసి ఉండాలి.

ఏడాది ఫోల్డర్లలో సగమే సెలెక్ట్ చేసి స్కాన్ పెట్టు. ఆగితే తప్పు ఆ సగంలో ఉంది, ఆగకపోతే రెండో సగంలో. అలా సగం సగం చేసుకుంటూ పో. అనుమానమున్న ఫైలు మీద షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేసి "కాపీ యాజ్ పాత్" నొక్కితే దారి కాపీ అవుతుంది. ఎక్సెల్‌లో పేస్ట్ చేసి, అటూ ఇటూ ఉన్న కొటేషన్ గుర్తులు తీసేసి, లెన్ ఫార్ములాతో కొలువు. లోపలి ఫైలు పేరు మార్చనివ్వకపోతే పై ఫోల్డర్ పేరు తగ్గించు. ఇంగ్లిష్ పేర్లు పెట్టుకోమని ఎవరైనా అంటారు, వినకు. తెలుగే ఉంచు, పొట్టిగా ఉంచు.

నరసరావుపేట స్టూడియో:
అక్కా, దొరికింది! నాలుగోసారికి 2019 దగ్గర తేలింది. కొలిస్తే 274 వచ్చింది. కరెక్షన్ల ఫోల్డర్‌ను నేనే తర్వాత పెళ్లి ఫోల్డర్‌లోకి లాగాను, గుర్తుంది. పై పేరు "లక్ష్మి గారి పెళ్లి" అని తగ్గించాను. స్కాన్ ఆగకుండా 6,38,000 దాటి పూర్తయింది. రాత్రి తొమ్మిదికి కాపీ మొదలెడితే మర్నాడు సాయంత్రానికి అయింది.

కరీంనగర్ రిపేర్ బెంచ్:
సంతోషం అన్నా. కాపీ అయిందని అది చెప్పినంత మాత్రాన నమ్మొద్దు. కొత్త డిస్క్‌లోంచి ఏడాదికి నాలుగు ఫోటోలన్నా తెరిచి చూడండి. రెండు డిస్కులూ ఒకే షాపులో పెట్టకండి.

నరసరావుపేట స్టూడియో:
ప్రతి ఏడాదిలోంచీ తెరిచి చూశాను, అన్నీ వచ్చాయి. కాళ్లు కడిగే ఫోటో కూడా. కొత్త డిస్క్ చిలకలూరిపేటలో మా అక్క వాళ్లింటి బీరువాలో పెట్టొచ్చాను.