సరుకులు తేవడం పని పంచుకోవడమా, సంచి మోయడమా?

సంచిమోత (చర్చ మొదలుపెట్టినవారు):
మా ఇంట్లో ఇద్దరం ఉద్యోగాలు చేస్తాం. ఆరేళ్లుగా ప్రతి శనివారం సరుకులు తెచ్చేది నేనే. తలనొప్పి ఉన్నా, వాన పడుతున్నా రెండు సంచులు పట్టుకుని వెళ్లి, క్యూలో నిలబడి, మోసుకొచ్చి వంటింట్లో పెడతాను. మొన్న మాటల్లో మా ఆవిడ "ఇంటిపనిలో నీ చెయ్యి ఎక్కడుంది?" అంది. సరుకులు తెస్తున్నాగా అన్నాను. "లిస్టు నేను రాస్తే నువ్వు మోసుకొస్తున్నావు, దాన్ని పంచుకోవడం అనరు" అంది. రెండు రోజులు మాటల్లేవు.
ఇంతకీ గొడవ మొదలైంది బట్టల పొడి మీద. లిస్టులో "బట్టల పొడి 1" అని ఉంది, తెచ్చాను. మాది ఫ్రంట్ లోడ్ మెషీన్ అట, నేను తెచ్చింది టాప్ లోడ్ పొడి అట. లిస్టులో లేనిది నాకెలా తెలుస్తుంది? లిస్టు రాయడం ఐదు నిమిషాల పని. తేవడానికి రెండు గంటలు. ఎవరు ఎక్కువ చేస్తున్నట్టు? మీరే చెప్పండి.

తీరికలేదు:
మెషీన్ మీ ఇంట్లోదే కదండీ, ఆ "అట" ఏంటి?

నిదానం:
ఎవరు రాస్తే ఏముంది, తెచ్చినవాడి చేతులు లాగుతాయి గానీ రాసినవాళ్లవి లాగవు. నా ఓటు సంచిమోత గారికే. పైగా ఈ ఫ్రంట్ లోడ్ పొడి, టాప్ లోడ్ పొడి అనేదంతా ఉత్తి వ్యాపారం. రెండూ సబ్బే.

పిన్నీసు:
"ఐదు నిమిషాలు" అన్న దగ్గరే ఆగిపోయానండీ. కాగితం మీద రాయడానికి ఐదు నిమిషాలే, ఒప్పుకుంటాను. ఆ కాగితం మీదికి ఎలా వస్తాయో చెప్తాను వినండి. సోమవారం పొద్దున నూనె సీసా ఎత్తితే చేతికి తేలిగ్గా తగులుతుంది, ఇంకో నాలుగు రోజులు వస్తుందేమో అనుకుంటాం. మంగళవారం స్నానాల గదిలో సబ్బు అరిగి బిళ్లంత అయ్యుంటుంది. బుధవారం పిల్లాడు ప్రాజెక్టుకి జిగురు కావాలంటాడు. గురువారం ఫ్రిజ్ తెరిస్తే కింద అరలో కూరగాయ ఒకటి మెత్తబడి ఉంటుంది, దాన్ని ఈ రాత్రికే వాడేయాలి, అంటే రేపటికి అనుకున్న వంట మారిపోతుంది, దానికి కావాల్సినవీ మారిపోతాయి. ఇవన్నీ ఆఫీసులో కూర్చుని, మీటింగులో తల ఊపుతూ కూడా బుర్రలో తిరుగుతూనే ఉంటాయి. శుక్రవారం రాత్రి మీకు చేతికిచ్చే కాగితం ఆ వారమంతా కలిపితే వచ్చింది. మీ రెండు గంటలు అయిపోతాయి, దులుపుకుని కూర్చుంటారు. ఇది అయిపోవడమంటూ ఉండదు.
ఇంకోటి. షాపుకి వెళ్లి ఎన్నిసార్లు ఫోన్ చేస్తారు మీరు? మా ఆయన పోయిన వారం తొమ్మిది సార్లు చేశారు. లెక్కపెట్టాను. ఎనిమిదోసారి అర ముందు నిలబడి ఫోటో తీసి పంపి "ఇందులో ఏది" అన్నారు. అప్పుడు షాపుకి వెళ్లింది ఆయనా నేనా?

సంచిమోత:
ఫోన్ చేస్తే తప్పు. చేయకపోతే టాప్ లోడ్ పొడి. ఏం చేయమంటారు?

పిన్నీసు:
ఒకసారి చూసి గుర్తుపెట్టుకోమంటాను. ఆఫీసులో మీ మేనేజర్‌కి ప్రతి ఫైలుకీ ఫోటో తీసి పంపుతారా?

నిదానం:
తొమ్మిది సార్లు ఫోన్ చేశాడంటే శ్రద్ధ ఉన్నట్టేగా అమ్మా. శ్రద్ధ లేనివాడు ఏదో ఒకటి పడేసి వస్తాడు.

లెక్కలపద్దు:
ఒక విషయం చెప్పొచ్చా. 2019లో అలిసన్ డామింజర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలో 35 జంటలను విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడి, ఇంటి గురించి బుర్రలో జరిగే పనిని నాలుగు ముక్కలు చేసి చూపించింది. ఏం అవసరం వస్తుందో ముందే పసిగట్టడం, మార్గాలు వెతకడం, ఏదో ఒకటి ఖాయం చేయడం, తర్వాత అది సరిగ్గా జరిగిందా లేదా అని ఓ కన్నేసి ఉంచడం. ఖాయం చేసే ముక్కలో భార్యాభర్తలిద్దరూ ఉంటున్నారు. మొదటిదీ చివరిదీ మాత్రం ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడుతున్నాయి. ఇక్కడ సంచిమోత గారు మధ్యలో మోత పని చూపించి మొత్తం చేశానంటున్నారు. పిన్నీసు గారు చెప్పిన సోమవారం నూనె సీసా ఆ మొదటి ముక్క.
అలాగని పిన్నీసు గారిదే రైటని కాదు. 1979లో రాస్, సికోలీ అనే ఇద్దరు పరిశోధకులు ఇంటిపనుల్లో ఎవరి వాటా ఎంతో భార్యనీ భర్తనీ వేరువేరుగా అడిగారు. ఇద్దరి లెక్కా కలిపితే చాలా పనుల్లో నూటికి నూరు దాటింది. అబద్ధం చెప్పి కాదు, మనం చేసింది మనకు గుర్తుంటుంది, అవతలివాళ్లు చేసింది మన కంట పడదు కాబట్టి. అంచేత ఇక్కడ ఎవరు ఎంత శాతం అని వాదించుకోవడం దండగ.

తీరికలేదు:
అంత చదవలేనుగానీ, ఇద్దరి ఫోన్లలో కనపడేలా ఒక లిస్టు పెట్టుకోండి. గూగుల్ వాళ్ల నోట్సు యాప్ కీప్‌లో ఉంది, ఎవరికి గుర్తొస్తే వాళ్లు ఎక్కిస్తారు. సమస్య అయిపోయింది.

పిన్నీసు:
మాకూ ఉంది. రెండేళ్లలో మా ఆయన ఎక్కించినవి మూడు. షేవింగ్ బ్లేడ్లు, బ్యాటరీలు, మళ్లీ షేవింగ్ బ్లేడ్లు.

ఉప్పుడబ్బా:
నేను రివర్స్. మా ఇంట్లో లిస్టూ నాదే, తేవడమూ నాదే, ఆ తేవడం మాత్రం ఎవరికీ ఇవ్వను. వారంలో ఆ రెండు గంటలే నన్ను ఎవరూ పిలవరు. మెల్లగా నడుస్తాను, అవసరం లేని అరల దగ్గర కూడా ఆగుతాను, ఒక్కోసారి బయట బెంచీ మీద ఊరికే పది నిమిషాలు కూర్చుని వస్తాను. మా ఆయన బయట పని తీసుకుని నాకు లోపలి పని మిగిల్చాడని అనుకునేవాళ్లు, ఆ బయట పని ఎంత హాయో కూడా లెక్కలో వేసుకోండి. సంచిమోత గారూ, శనివారం క్యూలో మీరు ఫోన్ చూసుకుంటూ నిలబడతారు కదా. ఆ టైమ్‌లో ఇంట్లో ఏం జరుగుతోందో తెలుసా?

సంచిమోత:
అంటే ఇప్పుడు నేను షికారుకి వెళ్తున్నట్టా? రెండు చేతులా బరువు మోసుకుంటూ మూడు అంతస్తులు ఎక్కేవాడిని, షికారంట.

నిదానం:
ఎవరూ పొడి సంగతి మాట్లాడరేం? మళ్లీ చెప్తున్నా, ఏ పొడి ఏ మెషీన్‌లో వేసినా ఏం కాదు. మేము ఐదేళ్లుగా వేస్తున్నాం.

లెక్కలపద్దు:
నిదానం గారూ, ఫ్రంట్ లోడ్ తక్కువ నీళ్లతో నడుస్తుంది. డ్రమ్ము తిరుగుతుంటే బట్టలు పైకెళ్లి కిందపడుతూ మురికి వదలాలి. నురగ ఎక్కువైతే ఆ బట్టలు పడేది నురగ మీద, దాంతో దెబ్బ తగలదు, మురికి సరిగా వదలదు, జాడించడం కూడా పూర్తవదు. అందుకే దానికి నురగ తక్కువ వచ్చే పొడి చేస్తారు. పేలిపోదు, నిజమే. మీ బట్టలు ఆరాక గరుగ్గా ఉంటున్నాయేమో ఓసారి చూసుకోండి.

నిదానం:
గరుగ్గానే ఉంటాయి. నీళ్ల వల్ల అనుకున్నాం.

పిన్నీసు:
చూశారా, అది తెలుసుకోవడం కూడా ఎవరో ఒకరి పనే. సంచిమోత గారూ, మీకు తెలియక కాదు. తెలుసుకుంటే ఆ పని మీ మీద పడుతుందని తెలుసుకోరు. మగాళ్లలో సగం మంది కావాలనే చేతకానట్టు ఉంటారు, రెండుసార్లు తప్పు తెస్తే మూడోసారి వాళ్లని పంపరని తెలుసు. ఆఫీసులో కోట్ల లెక్కలు చూసేవాళ్లకి ఉప్పు డబ్బాలో ఉప్పు ఎంతుందో కనపడదా?

సంచిమోత:
సరే అండీ, అంతా అనేశారు కాబట్టి చెప్తాను. ఇది రాయకూడదనుకున్నాను.
నాలుగేళ్ల క్రితం మా ఆవిడ కాలు విరిగి ఏడు వారాలు మంచం మీద ఉంది. ఆ ఏడు వారాలూ లిస్టు నాదే, తేవడం నాదే, వంట నాదే. మొదటి వారం రెండుసార్లు పాలు అయిపోయాయి, రాత్రి పరిగెత్తాను. మూడో వారానికి అలవాటైపోయింది. కొత్తగా తెచ్చినవి వెనక పెట్టి పాతవి ముందుకు జరిపేవాడిని, డబ్బాల మీద తెచ్చిన తేదీ టేపు అంటించి రాసేవాడిని, చిన్న ప్యాకెట్లు నాలుగు కొనేకంటే పెద్దది ఒకటి ఎప్పుడు లాభమో కిలో లెక్కన చూసుకునేవాడిని. ఏడు వారాల్లో పారేసింది దాదాపు ఏమీ లేదు. నాకు చాలా గర్వంగా ఉండేది, నవ్వుకోండి పర్వాలేదు.
కట్టు విప్పిన మర్నాడు ఆవిడ చేతికర్ర పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ఒక్కో డబ్బా దింపి నా టేపులు గోటితో గీకి తీసేసింది. "ఏం గందరగోళం చేసి పెట్టావు, ఏదీ ఎక్కడుందో తెలియడం లేదు" అంది. ఇంతే అంది. కోపంగా కూడా కాదు. బెస్ట్ బిఫోర్ తేదీ రెండు రోజులు దాటిన ప్యాకెట్ ఒకటి కనపడితే నాకు ఎత్తి చూపించి చెత్తబుట్టలో పడేసింది. బెస్ట్ బిఫోర్ అంటే ఆ తర్వాత రుచి కాస్త తగ్గొచ్చని అర్థం, పాడైపోయిందని కాదు, అది నేను వాడేవాడినే. వాదించలేదు. ఆ వారం నుంచి "లిస్టు రాసివ్వు" అన్నాను. అప్పట్నించీ ఆవిడ రాస్తుంది, నేను మోస్తాను. చేతకాక కాదండీ. నాది కాని చోట పని చేస్తే మోతగాడిలాగానే చేస్తాను.

నిదానం:
అబ్బా.

ఉప్పుడబ్బా:
ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది. బట్టల పొడి అంటూ కూర్చున్నారు.

పిన్నీసు:
కాసేపు ఆలోచించి రాస్తున్నాను. మీకు బాధ కలిగింది, అర్థమైంది. కానీ ఆవిడ వైపు నుంచి ఒకటి. ఏడు వారాలు మంచం మీద పడి ఉండి లేచి, ఇల్లు తను లేకుండా హాయిగా నడిచిందని చూడడం ఎలా ఉంటుందో కూడా అనుకోండి. నేనైతే నేనూ టేపులు పీకేదాన్నేమో.
ఇక నా సంగతి. పెళ్లైన కొత్తలో డబ్బంతా మా ఆయన దగ్గరే ఉండేది. సరుకులు తేగానే బిల్లు అడిగేవారు. తిట్టడం లేదు, అరవడం లేదు, బిల్లు మంచం మీద పరిచి పెన్నుతో ఒక్కో వస్తువు పక్కనా టిక్కు పెట్టుకుంటూ వెళ్లేవారు. ఎక్కడైనా పెన్ను ఆగితే నా గుండె ఆగేది. "ఇది పోయిన నెల కూడా కొన్నావుగా" అనేవారు. ఇప్పుడు నాకు జీతం ఉంది, బిల్లులు ఎవరూ అడగరు. అయినా ఏది ఎందుకు కొన్నానో మనసులో జవాబు తయారు చేసుకోకుండా బుట్టలో వేయలేను. ఆయన తొమ్మిది సార్లు ఫోన్ చేస్తే నాకు ఒళ్లు మండేది అందుకేనేమో. ఆయనకి తప్పు కొంటే ఏమవుతుందో అన్న భయం లేదు, నన్ను అడిగేస్తే చాలు. నాకు అడగడానికి ఎవరూ ఉండేవారు కాదు.

లెక్కలపద్దు:
మీ ఇద్దరిదీ ఒకటే ఫిర్యాదు.

పిన్నీసు:
ఒకటే ఎలా అవుతుందండీ? సంచిమోత గారికి ఇష్టం లేకపోతే మానేశారు. నేను మానేస్తే ఇంట్లో తినడానికి ఉండేది కాదు. దయచేసి రెండూ ఒక తక్కెట్లో వేయకండి.

లెక్కలపద్దు:
సరే, వెనక్కి తీసుకుంటున్నా.

తీరికలేదు:
మరి ఇప్పుడు సంచిమోత గారు ఏం చేయాలి? ఎవరూ చెప్పలేదు.

ఉప్పుడబ్బా:
ఒక భాగం మొత్తంగా తీసుకోమనండి. మా అన్నయ్యా వదినా అలా చేశారు. సబ్బులు, పొడులు, స్నానాల గది సామాను అంతా అన్నయ్యది. ఏది అయిపోతోందో చూసుకోవడం, ఏ రకమో ఖాయం చేయడం, తేవడం, అయిపోతే మాట పడడం, అన్నీ ఆయనవే. వదిన ఆ అర వైపు చూడదు. చూడకుండా ఉండడం తనకి ఆరు నెలలు పట్టిందట, ఒకసారి తలకి పెట్టుకునే షాంపూ అయిపోతే నోరు మూసుకుని సబ్బుతోనే కానిచ్చేసిందట.

పిన్నీసు:
ఆ ఆరు నెలలే కష్టం. నా వల్ల కాదేమో.

సంచిమోత:
ఇది నిన్న చదివాను. రాత్రి మా ఆవిడకి ఈ చర్చ చూపించలేదు గానీ, టేపుల సంగతి మాత్రం అడిగాను. తనకి అసలు గుర్తే లేదు. "ఏ టేపులు?" అంది. నేను నాలుగేళ్లుగా మోస్తున్నది తనకి గుర్తే లేదు. తర్వాత చాలాసేపటికి, లైటు ఆర్పాక, "ఆ వేళ నా వంటింట్లో నాకు గరిటె దొరకలేదు, ఏడుపొచ్చింది" అంది.
సబ్బులూ పొడులూ ఇక నావి అన్నాను. సరే అంది, కాస్త అనుమానంగానే. పొద్దున్నే లేచి వెళ్లి ఆ అర తెరిచి నిలబడ్డాను. ఏది ఎన్ని రోజులకి వస్తుందో ఒక్కటీ తెలియదు.

పిన్నీసు:
ఆవిడని అడగొద్దు.

సంచిమోత:
అడగలేదండీ. టేపు తెచ్చుకున్నాను.

నిదానం:
అంతా బాగుంది. ఆ టాప్ లోడ్ పొడి ఏం చేశారు చివరికి?

సంచిమోత:
బకెట్లో వేసి, గుమ్మం దగ్గరి కాలిపట్టాలు నానబెట్టాను. నురగ విపరీతంగా వచ్చింది.