ఉద్దానం మనిషికి రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ ఇవ్వొచ్చా?

కవిటి కొబ్బరితోట:
గొంతు కేన్సర్, మూడో స్టేజి. ఆపరేషన్ లేకుండా 35 రోజులు కరెంటు (రేడియేషన్) పెట్టాలన్నారు. దాంతో వారం వారం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, ఒంటి వైశాల్యం చదరపు మీటరుకు 40 మి.గ్రా. చొప్పున రాశారు. మగమనిషి, 61 ఏళ్లు, 52 కిలోలు, క్రియాటినిన్ 1.9. మా ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుల సంగతి తెలిసిందే కదా. ఈ మందు పడుతుందా అండీ? ఉత్త కరెంటు చాలదా?

ల్యాబ్ లెక్క:
140లోంచి వయసు తీసేసి బరువుతో గుణించండి. 72ని క్రియాటినిన్‌తో గుణించి దాంతో భాగించండి. మీకు 30 వస్తుంది, అంటే కిడ్నీలు నిమిషానికి వడకట్టేది సుమారు 30 మి.లీ. 50 లోపుంటే సిస్‌ప్లాటిన్ సాధారణంగా పెట్టరు. క్రియాటినిన్ 1.2 ఉన్నా ఇదే మనిషికి 48 దాటదు. బక్కవాళ్ల రిపోర్టులో ‘నార్మల్’ చూసి మోసపోతారు. ఆడవాళ్లకైతే 0.85తో మళ్లీ గుణించాలి.

లీనాక్ గది:
కరెంటు కణం డీఎన్‌ఏని తెంపుతుంది, మందు ఆ తెగినదాన్ని అతుక్కోనివ్వదు. అందుకే రెండూ కలిపి పెడతారు. తల, మెడ కేన్సర్లలో కలిపితే అయిదేళ్లకు నూటికి 6 మందికి పైగా అదనంగా బతుకుతున్నారు. 70 ఏళ్లు దాటాక ఆ లాభం కనిపించదు. మీ మనిషికి 61, కాబట్టి మందు వదలకండి, మార్చమనండి. ముంబై టాటా మెమోరియల్ కేన్సర్ ఆసుపత్రి వాళ్లు సిస్‌ప్లాటిన్ పడనివాళ్లకు వారానికి డోసెటాక్సెల్ అనే మరో కీమో మందు చదరపు మీటరుకు 15 మి.గ్రా. ఇచ్చి చూశారు. రెండేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు ఉత్త కరెంటుతో 30 శాతం, మందుతో 42. ఒంటి వైశాల్యం 1.5 చదరపు మీటర్లు అనుకుంటే డోసు 22 మి.గ్రా. పైచిలుకు. ఇది లివర్ మీద ఆధారపడే మందు, బిలిరుబిన్ (లివర్ రక్తపరీక్ష) చూపించాలి. నోటి పుండ్లు మాత్రం ఎక్కువే.

కవిటి కొబ్బరితోట:
పుండ్లు ముదిరితే మధ్యలో నాలుగు రోజులు ఆపొచ్చా?

లీనాక్ గది:
వద్దండీ. నాలుగో వారం దాటాక మిగిలిన కణాలు జోరుగా పెరుగుతాయి, రోజు ఆలస్యమైతే ఆ మేరకు నష్టమే. మిషను పాడై రోజు పోతే, మరో రోజు ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పెట్టి సర్దొచ్చు. పుండ్లకు లీటరు నీళ్లలో చెంచా వంటసోడా, చెంచా ఉప్పు కలిపి రోజూ అయిదారుసార్లు పుక్కిలించాలి. మింగలేకపోతే ముక్కు గొట్టానికి జంకొద్దు. పాడైన పళ్లుంటే కరెంటు మొదలుకి రెండు వారాల ముందే పీకించాలి. చుట్ట మానాల, అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టి కాల్చడం) అసలే వద్దు.

ల్యాబ్ లెక్క:
ఊళ్లో నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేయిస్తుంటే ఇవాళే ఆపించండి, ఆ కిడ్నీకి అది విషం. పారాసెటమాల్ చాలకపోతే వేరే మందు కేన్సర్ సెంటర్లోనే రాయించండి.