పాత హైడ్రోస్టాటిక్ ట్రాక్టర్ వేడెక్కాక ఎత్తు ఎక్కట్లేదు, పంపు పోయినట్టేనా?

ప్రశ్న (ఆనందపురం నుంచి)
అందరికీ నమస్కారం. మా జీడితోటలో గడ్డి కోయడానికి, చిన్న ట్రాలీ లాగడానికి పాత హైడ్రోస్టాటిక్ ట్రాక్టర్ (ఆయిల్ ఒత్తిడితో చక్రాలు తిరిగే రకం) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. పొద్దున్న స్టార్ట్ చేస్తే బాగానే నడుస్తుంది. అరగంట పని చేశాక పెడల్ పూర్తిగా తొక్కినా ఎత్తు ఎక్కదు. ఇంజిన్ మాత్రం ఆగదు, పొగ రాదు. కింద నుంచి సన్నగా కూత వినిపిస్తోంది. మెకానిక్ పంపు మార్చాలంటున్నారు. ఆ ఖర్చు తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. మార్చక తప్పదా?

జవాబు (గాజువాక నుంచి)
తమ్ముడూ, ఇప్పుడే పంపు విప్పనివ్వకు. ఇంజిన్ బరువు పడ్డట్టు మూలగకుండానే బండి నిలబడిపోతోందంటే, శక్తి చక్రాలదాకా రావట్లేదన్నమాట. ఈ రకం బండిలో ఇంజిన్ పిస్టన్ పంపును తిప్పుతుంది, పంపు తోసిన ఆయిల్ మోటారును తిప్పుతుంది, మోటారు చక్రాలను తిప్పుతుంది. ఆయిల్ చల్లగా చిక్కగా ఉన్నంతసేపు అరిగిన సందుల్లోంచి పెద్దగా జారదు. వేడికి పలచబడితే జారిపోతుంది. కాబట్టి మీ మెకానిక్ అనుమానంలో తప్పులేదు. కానీ కూత కూడా ఉందన్నావు. పంపుకు ఆయిల్ సరిగా అందకపోయినా, సక్షన్ వైపు, అంటే పంపు ఆయిల్ పీల్చుకునే వైపు, గాలి పీల్చినా అలాగే అరుస్తుంది. అదైతే తక్కువలో పోతుంది.

చదును నేల మీద ఆపి, వెనక పనిముట్టు కిందికి దించి, ఇంజిన్ ఆపి డిప్‌స్టిక్ తీసి చూడు. మట్టం ఒక్కటే కాదు, రంగు కూడా చెప్పు. పాలు కలిపిన టీలా ఉంటే నీళ్లు చేరాయి. రంగు మారకుండా నురగ మాత్రమే ఉంటే సక్షన్ పైపు క్లాంపో, ఓ-రింగో గాలి లాగుతోంది. నల్లబడి మాడు వాసన వస్తే బాగా వేడెక్కిన ఆయిల్.

ప్రశ్నించినవారు
అచ్చం పాలు కలిపిన టీలాగే ఉందండీ. మట్టం సరిగానే ఉంది. బండి ఎప్పుడూ టార్పాలిన్ కిందే, బయటే ఉంటుంది.

జవాబు (గాజువాక నుంచి)
మన తీరపు తేమకి, వానకి బయట వదిలితే నీళ్లు దిగడం మామూలే. గేర్ లివర్ కింద రబ్బరు తొడుగు చిరిగిందేమో, బ్రీదర్ (లోపలికి గాలి ఆడే రంధ్రం) మూత ఉందో లేదో చూడు. ఆ దారి మూయకుండా కొత్త ఆయిల్ పోస్తే డబ్బు దండగ.

బండి కాస్త గోరువెచ్చగా ఉన్నప్పుడు ఆయిల్ మొత్తం దించు. ఫిల్టర్ మార్చు. లోపల సక్షన్ జాలీ ఉంటే అది కూడా తీసి కడుగు, చాలామంది దాన్ని వదిలేస్తారు. మాన్యువల్‌లో రాసిన ట్రాన్స్‌మిషన్ ఆయిలే పొయ్యి, ఇంజిన్ ఆయిల్ మిగిలిందని పోసెయ్యకు. కేసింగ్‌లో పాతది కొంత ఉండిపోతుంది కనుక, కొన్ని గంటలు నడిపాక మళ్లీ తెల్లబడితే ఇంకోసారి మార్చాల్సిందే.

పాత ఫిల్టర్ పారేయకు. డబ్బా కోసి లోపలి కాగితం మడతలు తెల్ల పళ్లెంలో విప్పు. అయస్కాంతం తిప్పితే సన్నటి ఇనుప పొడి కొద్దిగా అంటుకోవడం పాత బండికి మామూలే. అయస్కాంతానికి అంటని పసుపు రంగు రేకులు తళుక్కుమంటే మాత్రం పంపు లోపలి ఇత్తడి, కంచు భాగాలు అరుగుతున్నట్టు. అప్పుడు మెకానిక్ మాటే వినాలి.

జవాబు (పద్మనాభం నుంచి)
ఒక మాట బాబూ. గేరు ట్రాక్టర్ అలవాటుతో ఎత్తులో పెడల్ అడుగుదాకా తొక్కుతాం. ఇందులో అది తిరగబడుతుంది. పెడల్ వదిలేకొద్దీ వేగం తగ్గి లాగుడు పెరుగుతుంది. లో రేంజ్‌లో వేసి, ఇంజిన్ స్పీడు ఎక్కువే ఉంచి, పెడల్ కొంచెం వదిలి చూడు. రేడియేటర్ ముందు ఆయిల్ కూలర్ ఉంటే దాని రెక్కల్లో గడ్డిపొట్టు పేరుకుందేమో కూడా చూడు. ఎండలో అదొక్కటి చాలు ఆయిల్ కాగిపోవడానికి.

ప్రశ్నించినవారు
పెడల్ వదిలేసినా బండి మెల్లగా ముందుకు పాకుతోంది. అదీ నీళ్ల వల్లేనా?

జవాబు (గాజువాక నుంచి)
కాదు, అది లింకేజీ. పెడల్ నుంచి పంపుకు వెళ్లే రాడ్డు బుష్షులు అరిగి న్యూట్రల్ పక్కకు జరిగింది. బుష్షులు మార్చి, చక్రాలు నేలకు ఆనకుండా స్టాండ్ల మీద గట్టిగా నిలబెట్టి న్యూట్రల్ సరిచేయించు. అందాకా పార్కింగ్ బ్రేకు వేయకుండా సీటు దిగొద్దు.

ఇంకోటి, ఇంజిన్ నడుస్తుండగా లీకు కోసం చేత్తో తడమొద్దు. ఆ ప్రెషర్‌కి ఆయిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్క పెట్టి చూడాలి. పొరపాటున గుచ్చుకుంటే గాయం చిన్నదే కదా అని ఊరుకోకుండా వెంటనే విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి, చెయ్యి పోయే ప్రమాదం ఉంది.

ఆయిల్, ఫిల్టర్ మార్చాక కూడా వేడికి నీరసిస్తే, ఆటోనగర్‌లో హైడ్రాలిక్ పని తెలిసినవాళ్ల చేత గేజ్ పెట్టించు. ఛార్జ్ ప్రెషర్, అంటే పెద్ద పంపుకు ఆయిల్ అందించే చిన్న పంపు ఒత్తిడి, చల్లగా ఒకసారి, వేడెక్కాక ఒకసారి కొలిచి మాన్యువల్ అంకెతో పోల్చమను. వేడిలోనూ అది సరిగా ఉండి బండి లాగకపోతే, అప్పుడు ఒత్తిడి మితిమీరితే ఆయిల్ వదిలేసే రిలీఫ్ వాల్వు చూపించి, ఆ తర్వాతే పంపు జోలికి వెళ్లు. బండిని అక్కడికి తాడు కట్టి లాక్కెళ్లకు, లారీ మీద ఎక్కించు.