అప్‌డేట్: కలలావ్ ట్రెయిల్ వెళ్లొచ్చాం

పోయిన నెల అడిగాను కదా, ఎత్తంటే కళ్లు తిరిగే నేను హవాయిలో, కవాయి దీవి మీద సముద్రం పక్కన కొండల వెంట సాగే కలలావ్ ట్రెయిల్ అనే కాలిబాట నడవగలనా అని. పోను 11 మైళ్లు, రాను 11. టెన్షనంతా ఏడో మైలు దాటాక వచ్చే క్రాలర్స్ లెడ్జ్ గురించే. ఒక పక్క కొండ, ఇంకో పక్క కింద సముద్రం, మధ్యలో ఇరుకు దారి అది.

తీరా ఏడిపించింది లెడ్జ్ కాదు, రెండో మైలు దగ్గర హనకాపియాయి వాగు. కొండ మీద వాన పడితే చూస్తుండగానే పొంగుతుంది. మేం వెళ్లేసరికి నీళ్లు ఎర్రగా ఉరుకుతున్నాయి. మా ఆయన "ఏం కాదు, దాటేద్దాం" అంటారు. నేను ససేమిరా అన్నాను. మునిగిన రాయి ఒకటి గుర్తు పెట్టుకుని ఒడ్డున కూర్చున్నాం. రెండు గంటల తర్వాత దాని నెత్తి బయటపడింది, అప్పుడు దిగాం. దాంతో ఆలస్యమై, ఆరో మైలు హనకోవాలో టెంట్ వేసుకున్నాం.

అదే మంచిదైంది. పొద్దున్నే, దారి పొడిగా ఉండగా లెడ్జ్ మీదికెళ్లాం. ఎడమ చెయ్యి కొండకు ఆనించి, కళ్లు పాదాల మీదే. మధ్యలో బ్యాగుకు అడ్డంగా కట్టిన, టెంట్లో పడుకునే చాప రాతికి తగిలి నన్ను సముద్రం వైపు నెట్టింది. గుండె జారిపోయింది! ఎవరైనా వెళ్తే చాప నిలువుగా కట్టుకోండి. హనకాపియాయి దాటాలంటే పర్మిట్ తప్పనిసరి, అదీ మర్చిపోకండి.

బొటనవేళ్ల గోళ్లు రెండూ నల్లబడ్డాయి. అమ్మకి మాత్రం బీచ్ ఫొటోలే పంపాను.