1బీహెచ్‌కే ఇంటికి సోఫా కమ్ బెడ్డా, హైడ్రాలిక్ మంచమా? ముందు ఏది కొనాలి?

మూడో_అంతస్తు

అందరికీ నమస్తే. హైదరాబాద్ నిజాంపేటలో అద్దెకి ఉంటున్నాం, 1బీహెచ్‌కే. ఓనరు 650 చదరపు అడుగులు అన్నాడు గానీ మెట్లు, లిఫ్టు వాటా కూడా కలిపి చెప్పాడని సామాను దించాక అర్థమైంది. హాలు 10 అడుగులకి 13, పడకగది 10కి 10. ఉండేది నేను, మావారు, ఆరేళ్ల పాప. మా అత్తమ్మ, మామయ్య జనగామ నుంచి రెండు మూడు నెలలకోసారి డాక్టరుకి చూపించుకోవడానికి వచ్చి నాలుగైదు రోజులుంటారు. అత్తమ్మకి మోకాళ్ల నొప్పులు, కింద పడుకోలేరు. వాళ్లకి పడకగది ఇచ్చేసి మేం ముగ్గురం హాల్లో చాప మీద సర్దుకుంటున్నాం, దానికి ఆవిడ ప్రతిసారీ బాధపడతారు.

పోయిన ఆదివారం నాలుగు షాపులు తిరిగాం. ఒక్కొక్కటి లాగి, మడిచి, ఎత్తి చూపిస్తుంటే మ్యాజిక్ షో చూసినట్టుంది, ఇంటికొచ్చాక మాత్రం ఏదీ తేలలేదు. బడ్జెట్ 60 వేలు. హాల్లోకి సోఫా కమ్ బెడ్, పడకగదిలోకి పైకెత్తి కింద సామాను పెట్టుకునే హైడ్రాలిక్ మంచం, గోడకి మడిచేసే డైనింగ్ టేబుల్, ఈ మూడూ కొనాలని ఆశ. మూడూ రావు కాబట్టి ఏది ముందు? ఇంకోటి, ఓనరు గోడకి మేకు కూడా కొట్టనివ్వడు. ఇప్పుడైతే అన్నం కింద కూర్చునే తింటున్నాం, పాప హోంవర్కు మంచం మీద.

గోదారి_గట్టు

సోఫా కమ్ బెడ్ గురించి నేను చెప్తాను, రెండేళ్లుగా దానితో కాపురం చేస్తున్నాను కాబట్టి. కొన్న కొత్తలో రాత్రి లాగడం, పొద్దున్నే దుప్పట్లు తీసి లోపలికి తోయడం బాగానే చేశాం. నెల తిరిగేసరికి ఆదివారాలు మూయడం మానేశాం, ఇంకో నెలకి మామూలు రోజుల్లో కూడా. ఇప్పుడది హాలు మధ్యలో పరిచిన మంచం, ఎవరైనా వస్తే దాని అంచు మీద కూర్చుని మర్యాదగా టీ తాగుతారు. షాపులో సేల్స్ అబ్బాయి ఒంటిచేత్తో లాగి చూపిస్తాడు, అక్కడ ముందు టీపాయి ఉండదు, కింద కార్పెట్ ఉండదు, సోఫా మీద ఆరేసి మడతపెట్టని బట్టల గుట్ట ఉండదు. ఇంట్లో లాగాలంటే ముందు ఇవన్నీ జరపాలి.

మాది తెరిచాక నేల నుంచి 11 అంగుళాల ఎత్తు, కుర్చీ అయితే 17, 18 ఉంటుంది కదా. మా అమ్మ దాని మీద నుంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి అందించాల్సిందే, రాత్రి బాత్రూముకి లేచినప్పుడు పిలవడానికి మొహమాటపడి ఒకసారి సోఫా చెయ్యి పట్టుకుని లేవబోయి పక్కకి ఒరిగింది, దెబ్బ తగల్లేదు గానీ ఆ తర్వాత దాని మీద పడుకోనంది. పైగా రెండు ముక్కలు కలిసే చోట సరిగ్గా నడుం కిందికి ఒక ఇనప పట్టీ వస్తుంది. కొన్న షాపులో చెప్తే మందపాటి బెడ్‌షీట్ వేసుకోమన్నారు. మీ అత్తగారికి మోకాళ్ల నొప్పులంటున్నారు కాబట్టి, తెరిచిన తర్వాత ఎత్తు టేపుతో కొలవకుండా మాత్రం కొనకండి.

ఉలి_బాడిస

చెల్లెమ్మా, నేను కూకట్‌పల్లి వైపు ఇరవై ఏళ్లకి పైగా కార్పెంటర్ పని చేస్తున్నా. హైడ్రాలిక్ అని అందరూ అంటారు గానీ అందులో ఉండేది గ్యాస్ రాడ్లు, కారు డిక్కీ తలుపుకి ఉంటాయే, అలాంటివే. ఆ రాడ్ల బలం పరుపు బరువుకి సరిపోవాలి. తేలిక ఫోమ్ పరుపుకి లెక్కేసి పెట్టిన రాడ్ల మీద మీరు పాత కొబ్బరిపీచు పరుపు తెచ్చి వేస్తే, ఎత్తడానికి ఇద్దరు కావాలి, ఎత్తినా నిలబడదు. ఎక్కువ బలం ఉన్న రాడ్లు వేస్తే మూసేటప్పుడు పైకెక్కి కూర్చోవాలి. కాబట్టి ఏ పరుపు వేస్తారో ముందే చెప్పి, షాపులో అలాంటి పరుపు వేయించి మీ చేత్తో మీరే ఎత్తి చూడండి. మీ ఆయన కాదు, మీరు. పగలు ఇంట్లో ఎత్తాల్సింది మీరే కదా.

10కి 10 గదిలో 5 అడుగుల వెడల్పు మంచం వేస్తే 5 అడుగులు మిగులుతుంది. బీరువాకి 2 పోతే నడవడానికి 3. అందులో పక్కకి లాగే సొరుగుల మంచం కొన్నారనుకో, సొరుగు అడుగున్నర, రెండడుగులు బయటికి వస్తుంది, ఇక మనిషి నిలబడి వంగడానికి చోటుండదు. మీ గదికి పైకెత్తేదే నయం. అయితే రోజూ కావాల్సినవి అందులో పెట్టకూడదు. దిండు, దుప్పటి, పరుపు మొత్తం సర్దుకుని ఎత్తడం ఎవరివల్లా కాదు. చలికాలం దుప్పట్లు, పెద్ద గిన్నెలు, సూట్‌కేసులు, చుట్టాల పరుపులు, అంతే. కింద పలకకి గాలి పోయే కన్నాలు ఉన్నాయో లేవో చూడండి, లేకపోతే వానాకాలంలో ముక్క వాసన. పదిహేను రోజులకోసారి తెరిచి కాసేపు ఫ్యాను గాలి తగలనివ్వాలి. పాపకి మాత్రం ఆ మంచం ఎత్తడం నేర్పకండి, వేళ్లు నలుగుతాయి.

చెక్క సంగతి కూడా. షాపుల్లో మెరుస్తూ ఉండే చాలా మంచాలు పొట్టు నొక్కి చేసిన బోర్డు. పని చేస్తుంది, అబద్ధం చెప్పను. కానీ మనవాళ్లు రోజూ తడిగుడ్డ పెడతారు, ఆ నీళ్లు అంచు పట్టీ సందులోంచి లోపలికి పోతే కింద నుంచి బొరుగుల్లా ఉబ్బుతుంది. ఒకసారి ఉబ్బితే ఎవడూ బాగు చేయలేడు. ఇల్లు మారినప్పుడు విప్పి బిగిస్తే స్క్రూ పట్టు కూడా వదులైపోతుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు రెండు మూడేళ్లకి మారతారు కదా, డబ్బులు చాలితే ప్లైవుడ్‌దే తీసుకోండి, 18 ఎంఎం, షీటు మీద ఐఎస్ 303 ముద్ర, అంటే ప్లైవుడ్ నాణ్యతకి మన దేశ ప్రమాణం, ఉందో లేదో అడగండి. కనీసం కింద రెండు మూడు అంగుళాల కాళ్లు ఉన్నదైనా చూడండి, మాపు నీళ్లు తగలకుండా.

గోడకి మడిచే టేబుల్ ఓనరు వద్దంటే వద్దులే. కొత్త అపార్ట్‌మెంట్లలో లోపలి గోడలు ఆ తెల్ల తేలిక ఇటుకవి ఉంటున్నాయి, వాటికి మామూలు మేకులూ ప్లగ్గులూ పట్టవు, వేరే ఫాస్టెనర్లు కావాలి. పిల్లలు వేలాడితే గోడ పెచ్చుతో సహా ఊడొస్తుంది.

వర్లీ_తెలుగోడు

అక్కా, మాది ముంబై. మా తాత కరీంనగర్ నుంచి మిల్లు పనికి వచ్చాడు, మేం ఇక్కడే పుట్టాం. 280 చదరపు అడుగుల్లో నలుగురం ఉంటాం కాబట్టి ఈ విషయంలో నాకు పీహెచ్‌డీ ఇవ్వొచ్చు.

మీరు ఒకటి పొరపడుతున్నారు. ఏడాదిలో పాతిక రోజులు వచ్చే చుట్టాల కోసం, మిగతా మూడు వందల నలభై రోజులు మీ హాలుని అడ్డంగా మింగే వస్తువు కొంటున్నారు. అత్తమ్మగారికి మంచం కావాలి అంతే కదా? ఇనప పైపుల మడత మంచం ఒకటి, నవారుదో ప్లై పలకదో, కొనండి. మడిస్తే బీరువా పక్క సందులో నిలబడుతుంది. కుర్చీ అంత ఎత్తు ఉన్నది దొరుకుతుంది. అత్తమ్మగారు దాని మీద, మామయ్య పడకగదిలో, పాప ఆయన దగ్గర, మీరు హాల్లో, లేదంటే మీ వీలు. చూడ్డానికి షోగా ఉండదు, నిజమే. రాత్రి పదింటికి ఎవరు చూస్తారు?

ఇంకో మాట. ఒకే వస్తువు రెండు పనులకి వాడుకోవడం మంచిదే, కానీ ఆ రెండు పనులూ ఒకే టైముకి రాకూడదు. మా ఇంట్లో డైనింగ్ టేబులే చదువుకునే టేబుల్ అని గొప్పగా కొన్నాం. మావాడి లెక్కలు ఎనిమిదింటికి మొదలవుతాయి, కుక్కర్ విజిల్ కూడా ఎనిమిదింటికే. రోజూ పుస్తకాలు ఎత్తరా, ఆగమ్మా ఒక్క లెక్క, పప్పు మరక, ఏడుపు. చివరికి వాడికి ఒడిలో పెట్టుకునే చిన్న మడత బల్ల కొనిచ్చాం, అది మూడొందలు, టేబుల్ పదకొండు వేలు. సోఫా కమ్ బెడ్ కూడా అంతే. మామయ్య మధ్యాహ్నం నడుం వాలుస్తానంటే అప్పుడే పాప స్కూలు నుంచి వచ్చి టీవీ పెడుతుంది. కొనేముందు మీ ఇంట్లో ఏ గంటకి ఎవరు ఎక్కడ ఉంటారో ఒకసారి అనుకోండి, షాపు వాడికి అది తెలీదు కదా.

ఆవకాయ_జాడీ

ఎవరూ లిఫ్టు సంగతి ఎత్తలేదేంటి! మా తోటికోడలు వాళ్లు సోఫా కొని తీసుకొస్తే లిఫ్టులో పట్టలేదు, మెట్ల మలుపులో తిరగలేదు, ఆఖరికి నాలుగో అంతస్తు బాల్కనీలోంచి తాళ్లు కట్టి లాగారు, కింద జనం గుమిగూడి సలహాలు. డెలివరీ వాళ్లు దానికి వేరే డబ్బులు అడిగారు. లిఫ్టు తలుపు, ఇంటి తలుపు, పడకగది తలుపు కొలతలు రాసుకుని వెళ్లండి. ముక్కలుగా వచ్చి ఇంట్లో బిగించేదైతే ఈ గొడవ లేదు.

ఎర్రగడ్డ ఆదివారం సంత కూడా ఒకసారి చూడండి, పాత టేకు సామాను తగులుతుంది. కొనేటప్పుడు నల్లుల కోసం సందులన్నీ టార్చ్ వేసి చూడాలి, అది మర్చిపోవద్దు.

మూడో_అంతస్తు

అందరికీ చాలా థ్యాంక్స్. టెన్షన్ సగం తగ్గింది. వర్లీ తమ్ముడు చెప్పాక నిన్న ఒక పని చేశాం, పాప సుద్దముక్క తీసుకుని హాల్లో నేల మీద సోఫా కమ్ బెడ్ తెరిచిన కొలత, 6 అడుగులకి 6, గీసేశాం. ఆవిడగారు వెంటనే అందులో తొక్కుడుబిళ్ల మొదలెట్టింది, అది వేరే సంగతి. గీత గీశాక చూస్తే ఫ్రిజ్ తలుపు సగమే తెరుచుకుంటుంది! టీవీ స్టాండుకీ ఆ గీతకీ మధ్య రెండున్నర అడుగులు కూడా మిగల్లేదు, బాత్రూముకి దారి అదే. రాత్రి లైటు తీసేసి నడిచి చూశాను, రెండుసార్లు గీత తొక్కాను. అత్తమ్మ ఆ చీకట్లో మంచం అంచు తట్టుకుంటే?

సోఫా కమ్ బెడ్ క్యాన్సిల్. పైకెత్తే మంచం ప్లైవుడ్‌ది 34 వేలకి మాట్లాడాం, మా పాత పీచు పరుపే వేస్తామని చెప్తే రాడ్లు మార్చి ఇస్తామన్నారు. నేనే ఎత్తి చూస్తాను అన్నా, షాపతను నవ్వాడు, నవ్వనీ. ఇనప మడత మంచం ఒకటి, 18 అంగుళాల ఎత్తుది. మావారు మొదట ఆస్పత్రి మంచంలా ఉందన్నారు గానీ మడిచి బీరువా పక్కన పెట్టి చూశాక ఇంకేం మాట్లాడలేదు.

మిగిలిందల్లా టేబుల్. గోడతో పని లేకుండా రెండు పక్కలా రెక్కలు కిందికి వాలిపోయే టేబుల్ ఒకటి చూశాం, రెండు రెక్కలూ దించితే అడుగు వెడల్పే ఉంటుంది, ఒక రెక్క ఎత్తి పాప రాసుకోవచ్చు, రెండో వైపు మేం తినొచ్చు. ఉలి బాడిస అన్నా, ఇందులో ఏం చూసుకోవాలి?

ఉలి_బాడిస

రెక్క కింద ఆధారం చూడమ్మా. కొన్నిటికి కాలు తిరిగి వచ్చి కింద నిలబడుతుంది, కొన్నిటికి చిన్న బ్రాకెట్ మాత్రమే ఉంటుంది. కాలు ఉన్నదే తీసుకో. షాపులోనే రెక్క ఎత్తి, చివర రెండు చేతులూ ఆనించి బరువు మోపి చూడు, అవతలి వైపు కాళ్లు నేల నుంచి లేస్తున్నాయంటే వద్దు. పాప కూర్చునే వైపు రెక్క కాలికి లాక్ ఉందో లేదో కూడా చూడు, ఆడుతూ కాలితో తంతే కాలు మడుచుకుపోయి పప్పు గిన్నె ఒళ్లో పడుతుంది. కీలు పొడుగ్గా అంచు మొత్తం ఉంటే మంచిది, రెండే చిన్న కీళ్లు ఉంటే ఏడాదికి వేలాడుతుంది. రేటు చెప్పలేదు, ఎంతంటున్నాడు?