నాన్నకి మూడు రోజులుగా డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు, రేపు ఇంకొకటి వేయించవచ్చా?

కవిటి కుర్రాడు:
అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర పల్లె, నేను ఉద్యోగం కోసం హైదరాబాద్‌లో ఉంటున్నాను. మా నాన్నకి 64 ఏళ్ళు. శుక్రవారం రాత్రి ఎడమ నడుము నుంచి గజ్జ దాకా మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి, రెండుసార్లు వాంతి చేసుకుని, మంచం మీద ఒక్క చోట ఉండలేకపోయాడట. ఊళ్ళో ఆర్‌ఎంపీ వచ్చి డైక్లోఫెనాక్ 75 ఎంజీ ఇంజెక్షన్ వేస్తే అరగంటలో నొప్పి దిగింది. మర్నాడు స్కానింగ్ తీయిస్తే మూత్రనాళంలో 6 ఎంఎం రాయి ఉందన్నారు. అప్పటి నుంచి పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేస్తూనే ఉన్నారు. మధ్యలో ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసిన మాత్ర కూడా వేసుకుంటున్నాడని అమ్మ ఇవాళే చెప్పింది.

రేపు కూడా వేయించుకుంటానంటున్నాడు. వద్దంటే "మాత్రలైతే కడుపులో మంట, సూది పొట్టలోకి పోదు కదరా, ఏం కాదు" అంటాడు. ఆయనకి బీపీ ఉంది, టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర రోజూ వేసుకుంటాడు. నిన్నటి నుంచి మూత్రం కూడా తక్కువగా వస్తోందట. మా ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుల సంగతి మీకు తెలిసిందే, మా వీధిలోనే ఇద్దరు డయాలసిస్‌కి వెళ్తున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది, ఎవరైనా చెప్పండి.

డ్యూటీ డాక్టర్:
వేయించవద్దు. ముందు అమ్మకి ఫోన్ చేసి ఆ మాట చెప్పి, తర్వాత మిగతాది చదవండి.

శుక్రవారం రాత్రి వేసిన మొదటి ఇంజెక్షన్‌ని నేను తప్పుపట్టను. రాయి నొప్పికి, అందులోనూ వాంతులై మాత్ర కడుపులో నిలవనప్పుడు, మేము కూడా చాలామందికి మొదట ఇదే ఇస్తాం, బాగా పనిచేస్తుంది. కానీ దీన్ని ఇంజెక్షన్ రూపంలో రెండు రోజులకు మించి వాడకూడదు, రోజు మొత్తానికి 150 ఎంజీ దాటకూడదు. ఆ 150లో మాత్రలు కూడా లెక్కే. మీ నాన్నగారికి రెండు ఇంజెక్షన్లతోనే ఆ హద్దు వచ్చేసింది, దాని మీద ఎసిక్లోఫెనాక్ కూడా పడుతోంది, అది డైక్లోఫెనాక్‌కి తోబుట్టువు లాంటిదే. పేరు వేరు, రంగు వేరు కాబట్టి వేరే మందు అనుకుంటారు. ఇది వద్దని చెప్పి కెటొరోలాక్ వేయించినా లాభం లేదు, అదీ ఈ కుటుంబమే, దానికి మాత్రలతో కలిపి మొత్తం 5 రోజులే గడువు, 65 దాటినవాళ్ళకీ, 50 కిలోల లోపు ఉన్నవాళ్ళకీ మోతాదు సగానికి తగ్గించాలి.

సూది పొట్టలోకి పోదు అన్న మాట ఓపీలో రోజూ వింటాను. మందు తుంటిలో వేసినా రక్తంలోకే వెళ్తుంది, పొట్ట లోపలి పొరని కాపాడే పదార్థాన్ని రక్తంలో నుంచే అడ్డుకుంటుంది. అందుకే ఇంజెక్షన్‌తో కూడా అల్సర్ రావచ్చు, రక్తం పోవచ్చు. అదే పదార్థం కిడ్నీలోకి రక్తం తెచ్చే నాళాన్ని తెరిచి ఉంచుతుంది. ఈ మందు ఆ నాళాన్ని ముడుచుకునేలా చేస్తే, టెల్మిసార్టాన్ అవతలి వైపు ఒత్తిడి తగ్గిస్తుంది, హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లో నీళ్ళు తగ్గిస్తుంది, వాంతులతో ఇంకొంత పోయింది. ఈ మూడు మందులూ ఒకేసారి కలిస్తే మామూలు కిడ్నీ కూడా దెబ్బతినవచ్చు, ఈయనకైతే దారిలో రాయి అడ్డం ఉంది.

రేపటి దాకా ఆగవద్దు. ఇవాళే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష, పెరిగితే కిడ్నీ సరిగా పనిచేయనట్టు), పొటాషియం, మూత్రపరీక్ష చేయించి, కిడ్నీ వాచిందేమో మళ్ళీ స్కానింగ్‌లో చూపించండి. చలితో జ్వరం వచ్చినా, మూత్రం పూర్తిగా ఆగినా అది అత్యవసరం, అర్ధరాత్రయినా బయలుదేరాలి. బీపీ మాత్ర సొంతంగా మాన్పించకండి, ఇంతవరకు వేసిన మందుల పేర్లన్నీ కాగితం మీద రాసి అక్కడి డాక్టరుకి చూపిస్తే ఏది ఆపాలో వాళ్ళే చెబుతారు.

గుంటూరు స్టాఫ్ నర్స్:
డాక్టర్ గారు చెప్పినదానికి నా వైపు నుంచి కొంచెం. ఈ ఇంజెక్షన్ వేసే ముందు మేము తప్పకుండా అడిగేవి: ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రతో ఎప్పుడైనా ఆయాసం వచ్చిందా, గుండెకి స్టెంట్ పడిందా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, నల్లటి విరేచనం అయిందా, ఆడవాళ్ళైతే ఎన్నో నెల. గర్భిణులకి, ముఖ్యంగా ఆఖరి మూడు నెలల్లో, దీన్ని ఇవ్వం. జ్వరంతో ఒళ్ళు నొప్పులు అంటే డెంగీ కాదని తేలేదాకా ఈ సూది ముట్టుకోం, రక్తస్రావం భయం ఉంటుంది కాబట్టి పారాసెటమాల్‌తోనే సరిపెడతాం. ఇవేమీ అడగకుండా ఎవరైనా సిరంజి తీస్తే మీరే చెప్పండి, మొహమాటపడకండి.

ఇంకో మాట, కొన్నిచోట్ల త్వరగా తగ్గాలని ఇందులో డెక్సామెథసోన్ కలిపి వేస్తారు. అది స్టెరాయిడ్, రెండూ కలిస్తే పొట్టలో రక్తస్రావం ముప్పు ఇంకా పెరుగుతుంది. ఏ మందులు వేశారో ఖాళీ ఆంప్యూల్స్ అడిగి పేర్లు రాసుకోండి తమ్ముడూ.

ఖమ్మం రైతు:
నాకు జరిగింది చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. నాలుగేళ్ళ కింద నడుం పట్టేస్తే మందుల షాపులో పనిచేసే కుర్రాడితోనే డైక్లోఫెనాక్ వేయించుకున్నాను, పత్తి తీతల రోజులు, ఆసుపత్రికి పోయి కూర్చునే తీరిక లేదు. నిలబెట్టే, ప్యాంటు కొంచెం కిందికి దించి, పిరుదు మధ్యలో పొడిచాడు. సూది దిగీ దిగగానే కరెంటు కొట్టినట్టు కాలి వేళ్ళ దాకా జివ్వుమంది. ఆపు అని అరవాల్సింది, మందు కదా మంటపుడుతుందిలే అనుకుని పళ్ళు బిగించాను. సాయంత్రానికి కుడి పాదం పైకి లేవలేదు. నరానికి తగిలిందన్నారు. ఎనిమిది నెలలు పాదానికి పట్టీ, ఫిజియోథెరపీ, ఇప్పటికీ చెప్పు జారుతుంది.

గుంటూరు స్టాఫ్ నర్స్:
అన్నా, చదువుతుంటే బాధేసింది. అందరూ ఇది గుర్తుంచుకోండి: తుంటికి వేసేటప్పుడు పక్కకి తిరిగి పడుకోబెట్టి, పిరుదుని నాలుగు భాగాలనుకుంటే పైన బయటి వైపు భాగంలోనే, లోతుగా వెయ్యాలి. రెండోది వెయ్యాల్సి వస్తే కొన్ని గంటల తేడాతో, రెండో వైపుకి. కాల్లోకి జివ్వుమంటే వెంటనే చెప్పాలి, సూది వెనక్కి తీసెయ్యాలి. వేసిన చోట భరించలేని నొప్పితో చర్మం తెల్లబడి నీలంగా మారితే ఇంటికి వెళ్ళకుండా అక్కడే డాక్టరుకి చూపించాలి, అది అరుదే కానీ కండ చచ్చిపోయే ప్రమాదం.

కవిటి కుర్రాడు:
డాక్టర్ గారూ, అక్కా, మీ మాట విని నిన్న రాత్రే బాబాయి ఆటోలో పలాస తీసుకెళ్ళాడు. క్రియాటినిన్ 1.9, పోయినేడు 1.1 ఉండేది. ఎడమ కిడ్నీ కొంచెం వాచిందట. ఇంజెక్షన్లు, ఆ మాత్ర, బీపీ మాత్ర ఆపి సెలైన్ పెట్టారు, నొప్పికి పారాసెటమాల్, ట్రమడాల్ ఇస్తున్నారు. రాయి దిగకపోతే మూత్రనాళంలో స్టెంట్ (మూత్రం కిందికి దిగడానికి సన్నటి గొట్టం) వేస్తామన్నారు. ఈ క్రియాటినిన్ మళ్ళీ దిగుతుందా? నాన్న అదే అడుగుతున్నాడు.

డ్యూటీ డాక్టర్:
మూడు రోజులకే పట్టుకున్నారు, ఆ అడ్డు తొలగి, ఈ మందులు ఆగితే చాలామందికి దిగుతుంది. రోజూ ఎంత మూత్రం వస్తుందో కొలిచి రాయమని అమ్మకి చెప్పండి, రెండు రోజుల తర్వాత వచ్చే క్రియాటినిన్ ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను. ఆర్‌ఎంపీ గారికి కూడా ఒకసారి ఫోన్ చేసి ఆ 1.9 సంగతి చెప్పండి, ఆయన దగ్గరికి మీ ఊళ్ళో ఇంకా చాలామంది వెళ్తారు కదా.